ఎవరి మిద్దె ఎంత ఎరుపు

తారానగర్‌లో ఒక మిద్దె మీద సామ్రాజ్యం చీరలు ఆరేస్తోంది. కూతురు యూనీస్ ల్యాప్‌టాప్ పట్టుకుని ఆమె వెనకాలే తిరుగుతోంది.

“మాట మార్చద్దు మా. ఈ డబ్బా సంగతి చెప్పు.”

“డబ్బాకేమొచ్చె? నువ్వు పెట్టిన చోటే ఉండాది.”

“ఉండాది. తళతళా మెరుస్తాండాది. నెలంతా మిద్దె మీద పెడితే చిటికెడు దుమ్మన్నా పడలేదా?”

“మన ఇల్లు శుభ్రం మే. అంతా ప్రభువు దయ.”

“ప్రభువును మధ్యలోకి లాగద్దు. గాలి, రోడ్డు, ఎర్ర దుమ్ము లేపే ఇనుప గనుల లారీలు అన్నీ కంప్యూటర్లో వేసి లెక్క కట్టినా. ఏ మిద్దె మీద ఎంత దుమ్ము పడతాదో ఇల్లిల్లూ బొమ్మలో రంగులేసి చూపిస్తాది. మనది మలుపులో ఇల్లు, అందరికన్నా ఎక్కువ పడల్ల.”

“ఆ బొమ్మ నేనూ చూసినాలే. మన ఇల్లు గోరింటాకు పెట్టినట్ల, పక్కింటి హొన్నూరమ్మది పసుపు పూసినట్ల! కన్నకూతురివా, పగదానివా? ‘సామ్రాజ్యక్కా, మీ ఇంట్లో చీపురు లేదా’ అని కొళాయి కాడ అందరి ముందర అడుగుతాది ఆమె.”

“అడగనీ. రేపు పంచాయతీ మీటింగు. లారీలు మన వీధి మలుపులో పోవల్లనా, ఊరి బయట పోవల్లనా అని రేపే తేలుస్తారు. నా బొమ్మ, వీధిలో ప్రతి మిద్దె మీదా నేను పెట్టిన డబ్బాల్లో పడిన దుమ్ము సరిపోతేనే నా మాట వింటారు. ఈడ చూస్తే అంతా తిరగామరగా! రోడ్డుకు దూరంగా, వీధి కడాన ఉండే మౌనేషప్ప డబ్బా నిండి పొర్లుతాండాది. ఆ లారీలన్నీ ఆయనవే, రేపు నన్ను చూసి ఎంత నవ్వతాడో!”

“ఆ క్లిప్పులియ్యి.”

“ముందు జవాబియ్యి. డబ్బా కడిగినావా?”

“కడగల్యా.”

“బైబిలు మీద ఒట్టా?”

“డబ్బాకు బైబిలెందుకే! కడగల్యా అంటాండా గదా. సుమ్నే, ఊరికే వంచినా.”

“యాడ వంచినావ్?”

“పిట్టగోడ అవతల.”

“అవతల ఉండేది హొన్నూరమ్మ డబ్బా గదా!”

“ఉండనీ. ఎవరింట్లో చీపురు లేదో ఊరోళ్ళు చూడనీ అని.”

“అయ్యో మా! మరి ఆమె డబ్బా కూడా ఖాళీగానే ఉండాదే?”

“ఆమె ఊరుకుంటాదా? తెల్లారేసరికి అవతలి గోడ దాటించేస్తాది. వాళ్ళు ఆ పక్కోళ్ళకి. వాళ్ళేమో...”

“వీధంతానా?”

“వీధంతా. మౌనేషప్ప ఇంటితో వీధి ఐపోతాది గదా. ఇంగ ఆయన యాడ వంచల్ల, పాపం.”

“పాపమంట! నెల కష్టం నేలపాలు చేస్తిరి. నేను మాత్రం మీటింగులో ఉన్నదున్నట్ల చెప్పేస్తా.”

“చెప్పు, ఎవరొద్దన్యారు? మీటింగంటూ ఉంటే చెప్పు.”

“ఎందుకుండదు?”

“నిన్న సాయంత్రం ఆ డబ్బా చూసి మౌనేషప్ప పెండ్లాము ఇల్లెగిరిపోయేట్ల కొట్లాడిందంట. ‘మన చంటిది పీల్చేది ఇదేనా’ అని.”

“ఊ, ఆయనేమన్నాడు?”

“గాలి లెక్క తెలిసినదానివి, చెవుల్యాడ పెట్టినావే? పొద్దుట్నించి ఒక్క లారీ సప్పుడన్నా విన్యావా? ఇన్నేండ్లు దుమ్ముకు భయపడి ఇంట్లో ఆరేసుకున్న చర్చి తెల్లచీరలు ఈ పొద్దు మిద్దె మీదకు ఊరికే తెస్తినా?”