మీ తాత నేర్పిన ఫార్సీ

ఏందే సోనీ, ఇందాకటి సంది ఆ ఫోన్ల ఒక్కటే మాట తిప్పితిప్పి ఇనవడుతాంది? ఖోషమ్ మియాద్. అవ్, నాకు తెలుసు. హైదరాబాద్ దవాఖానాల ఇరానీ పేషెంట్లకు ఫార్సీల మాట తిప్పి చెప్పే నౌకరీ కోసం నువ్విప్పుడు నేర్సుకుంటున్నవ్ గానీ, నేను యాభై ఏండ్ల కిందనే నేర్సుకున్న. నవ్వకు. మీ తాత జైరాం నేర్పిండు. మీ నాయనే ఆయన్ని సూడలె, ఇగ నువ్వెక్కడ సూస్తవ్. లగ్గానికి ముందు ఇరాన్ల రెండేండ్లు లారీ నడిపొచ్చిండు, రోడ్లేసే క్యాంపుల. తిరుమలాయపాలెం దిక్కు మా తండాకు అప్పటికి బస్సే లేదు, ఈయనేమో ఫార్సీ మాట్లాడుతడు. "వీనికి గాలి సోకింది" అనేది మా అత్త.

ఆయన చెప్పేదేందంటే, వాళ్లు నాకిష్టం అని అనరంట. దీని నుంచి నాకు మంచి వస్తది అంటరంట. అదే ఖోషమ్ మియాద్. నచ్చకపోతే బదమ్ మియాద్, చెడు వస్తది. అత్త ముందట మొగడు పెండ్లాం మాట్లాడుకునే కాలం కాదు గద, మాకు అక్కరకొచ్చింది. పుంటికూర దిక్కు సూసి బదమ్ మియాద్ అంటే నేను మెల్లగ గిన్నె జరిపేదాన్ని. పుంటికూర కాదు, కాకరకాయ. పుంటికూర మా మరిదికి పడకపోయేది. కొత్త రైక తొడిగితే ఖోషమ్ మియాద్ అనుకుంట నా పక్కనుంచి పోయేటోడు. దేవునికి మొక్కుతుండు అనుకునేది అత్త.

ఆఁ, ఏం చెప్తున్న. మీ నాయన కడుపుల, ఐదో నెల. మల్ల ఇరాన్ రమ్మని కాంట్రాక్టర్ కబురు పంపిండు. పోవద్దన్న. "ఒక్క ఏడాదే రూప్లీ" అన్నడు. పెట్టె పట్టుకొని గుమ్మంల నిలవడ్డడు. నాకు కోపం ఆగలె. తెలుగుల అన్నా, మన తండా బాసల అన్నా అత్త ఇంటది. "అజమ్ బదమ్ మియాద్" అన్న. పెట్టె కింద పెట్టిండు. "అజమ్ కాదు, అజత్. అజమ్ అంటే నీ నుంచే నీకు చెడు వచ్చినట్టు. అది నీ మీదికెందుకు, నా మీదనే పెట్టు" అన్నడు. పెట్టిన. అజత్ అని మొత్తం సక్కగ అన్న. "ఇప్పుడు మంచిగొచ్చింది" అన్నడు, పోయిండు.

నీ నుంచి నాకు చెడు వస్తది. గట్ల పంపిన బిడ్డా మనిషిని. మూడు ఉత్తరాలొచ్చినయ్. తర్వాత అక్కడ జనం రాజు మీద తిరగబడ్డరంట, టపా బందయింది. మీ నాయనకు నడక వచ్చినంక వేంసూరు నుంచి మంగీలాల్ అనే ఆయన వచ్చిండు, ఇద్దరిదీ ఒక్కటే క్యాంపు. మీ తాతకు కామెర్లయినయంట, దవాఖానా దూరమంట, అక్కడనే మట్టి చేసిండ్రంట. మీ తాత చలికోటు తెచ్చి నా చేతికిచ్చిండు. చాయ్ తాగుకుంట, "నీకు ఫార్సీ వస్తదంట గదమ్మా. తను వచ్చేటప్పుడు గుమ్మంల నువ్వు అజత్ ఖోషమ్ మియాద్ అన్నవని జైరాం క్యాంపంత చెప్పేటోడు" అన్నడు. అవ్ అని తల ఊపిన.

ఆ మాట తర్వాత నిజంగనే అన్న, అజత్ ఖోషమ్ మియాద్ అని. మీ నాయన్ని ఊయలల ఊపుకుంట అన్న, పత్తి ఏరుకుంట అన్న. ఆయనకు ఇనవడాలె గద... ఏదీ, ఆ ఫోన్ ఇటియ్యి. వద్దులే. మబ్బు పట్టింది, జల్దీ పోయి ఆ బట్టలు తీసుకరాపో.