మునెయ్య గుండు

షట్టరు లాగే కడ్డీనా? ఇస్తా, కూర్చో కిరణా. ఈ వయసులో నన్ను లేపి ఎతికిస్తావా? వాడు యాడికి పోతాడు, మీరంతా కరెంటు స్తంభానికి కట్టేసినారు కదా. సెల్‌ఫోన్ దొంగ అంటావు, తీస్తా ఉంటే ఎవురన్నా సూసినారా? ఆఁ, అందరూ అంటా ఉండారా. సరే. దేహశుద్ధి చేస్తారా? పేపరోళ్ళ మాట అది. శుద్ధి చేసేదానికి వాడేమన్నా ఇత్తడి చెంబా? మన బస్టాండు ఈదిలో దానికి వేరే మాట ఉండాది, మునెయ్య గుండు. ఇని ఉండావు కదా, ఎందుకట్లా అంటారో తెలుసా? తెలీదు. మీకేం తెలుసురా.

మునెయ్య నా జతగాడు. నేను టోపీలు కుడతా ఉంటిని, వాడు బస్టాండులో అమ్ముతా ఉండె. కొండ మింద గుండు కొట్టించుకుని దిగినోళ్ళకు ఎండ కదా, బాగా పోతా ఉండె. తెల్లవే అడుగుతారు, నల్లవి పెడితే ఎవురూ తాకరు, ఏందోలే. మునెయ్యకు మీసం ఉండె సూడప్పా, ఇంత! మంచోడే, కానీ ఒక పిచ్చి. యాడన్నా ‘దొంగ’ అని ఇనపడితే సాలు, టోపీల గంప నా మింద పారేసి పరిగెత్తి మొదటి దెబ్బ తనే ఏయాల. ‘ముందు ఏసేయాల షఫీ, అడిగేది తర్వాత’ అంటా ఉండె. అడిగింది మాత్రం నేనెప్పుడూ సూళ్ళేదు.

ఒకనాడు పెండ్లాం చంద్రకాంతమ్మకు జొరం తగ్గిందని మొక్కు తీర్చేదానికి కొండకు పోయినాడు. జుట్టూ మీసం అన్నీ ఇచ్చేసి నెత్తిన చందనంతో దిగినాడు. యా అల్లా, నాకే గుర్తు పట్టేదానికి కొంచేపు పట్టె. టోపీ పెట్టుకోరా అంటే, ఎవురో బేరమాడినారని నెత్తి మిందది కూడా తీసి అమ్మేసినాడు! అంతలో అరవామె ఒకామె గుండెలు బాదుకుంటా అరిసింది, ‘తిరుడన్! తిరుడన్!’ దొంగ అనేలే వాళ్ళ మాటలో, ఎవురో గుండోడు సంచి ఎత్తుకుని పోతా ఉండాడని. మునెయ్య ఊరుకుంటాడా? ‘గుండోణ్ణి పట్టుకోండిరా!’ అని లేసినాడు. తిరుపతి బస్టాండులో గుండోణ్ణి పట్టుకోమంటే ఎవుర్నని పట్టుకుంటారబ్బా? గుండోళ్ళే గుండోళ్ళను పట్టుకుంటా ఉండారు. అందరికంటే ముందు పరిగెత్తే గుండోడు ఎవురు? మునెయ్య. ఇంకేముంది, ఏసుకున్నారు. ‘నేను మునెయ్యరా’ అంటే, ‘మునెయ్యకు మీసం ఉండాది, మాకు తెలీదా’ అని ఇంకోటి. సొంత బామ్మర్ది గోవిందు కూడా ఏసినాడు. నేను అరస్తానే ఉండా, ఎవురింటారు? అప్పుడొచ్చినాడు ఒక గుండాయన, సంచి చంకలో పెట్టుకుని, ఏందీ గలాటా అని. ఎవురనుకున్నావు? ఆ అరవామె మొగుడు! కొత్త గుండు కదా, కట్టుకున్నదే గుర్తు పట్టలే. దొంగ దొరికినాడని ఎవురో చెప్తే, ఆయన కూడా మునెయ్యకు ఒకటి ఏసి, తర్వాత అడిగినాడు, ఏం పోయిందని.

నవ్వు, నవ్వు. అందరూ నవ్వినారు ఆ పొద్దు. మునెయ్య ఆ వారంలోనే పోయినాడు కిరణా. లోపల ఏదో నలిగిందంట. చంద్రకాంతమ్మ అంగడంగడికీ పోయి అడిగింది, నా మొగుణ్ణి సంపినోడు ఎవురని. ప్రతివాడూ ఒకే మాట. ‘నేను ఒక్కటే ఏసినానక్కా, అదీ మెల్లగా.’ ఎవుర్ని అడిగినా ఒక్కటే. ఆమె ఏం చేస్తుంది, గడప మింద కూర్చుని ఏడ్సింది.

అది సరే, నువ్వు ఎన్ని ఏసినావురా వాణ్ణి?

ఒక్కటేనా.

ఊఁ. అదో, జీపు వచ్చినట్టుండాది. అరుపులు ఇనపడినప్పుడే స్టేషనుకు ఫోన్ చేసినాలే. కడ్డీ నీ ఎనకాలే ఉండాది, ముట్టుకోవద్దు. ఆ కూజాలో నీళ్ళు ఉండాయి, తీసుకుపోయి వానికి తాపు.