పట్టేవాడి చేతులు, నేర్పినవాడి నోరు

ఏంటీ? "కోచ్ ప్రభావం కొలవదగినంత కనిపించలేదు" అనా? మళ్ళీ చదువు లెక్కల డాక్టరమ్మా. నెమ్మదిగా చదువు. ఈ కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో పంతొమ్మిదేళ్ళు, విసిరిన బంతి పట్టే రిసీవర్ల మీద అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నవాణ్ణి, ఒక్క వాక్యం వినడానికి ఓపిక లేకపోతుందా?

బావుంది. చాలా బావుంది! ముప్ఫై కాలేజీలు, పన్నెండేళ్ళ ఆటలు. గాల్లోకి విసిరిన ప్రతి బంతీ లెక్కపెట్టావు. ఎవడు పట్టాడు, ఎవడు వదిలాడు, ఆ ఏడు వాడికి కోచ్ ఎవడు. తీరా తేలిందేంటి? కోచ్ మారినా పట్టేవాడు పడుతూనే ఉన్నాడు, వదిలేవాడు వదులుతూనే ఉన్నాడు. కాబట్టి ఈ వెర్లిన్ స్ట్రౌడ్ మైదానం పక్కన నిలబడ్డా ఒకటే, చెత్తడబ్బా నిలబెట్టినా ఒకటే. అంతేగా?

తల ఊపకు. ఊపితే ఒళ్ళు మండుతుంది.

ఒక్కటి అడుగుతా. జన్మలో ఎప్పుడైనా ఒక్క బంతి పట్టావా? లేదూ? అదీ సంగతి! రెండు వైపులా కొన తేలిన తోలు బంతి గిర్రున తిరుగుతూ మొహం మీదికొస్తుంది. వెనక నుంచి రెండొందల ఇరవై పౌన్ల మనిషి నీ నడుం విరగ్గొడదామని పరిగెత్తుకొస్తుంటాడు. వాడి రొప్పు నీ చెవిలో వినపడుతుంటుంది. అప్పుడు తల తిప్పకుండా, కళ్ళు మూయకుండా చేతులు చాపాలి. ఏసీ గదిలో కూర్చుని మౌస్ నొక్కడం కాదమ్మా.

సర్లే. కోపం నీ మీద కాదు. నువ్వు కొత్త హెడ్ కోచ్ పంపితే వచ్చావు. ఆయనకి సోమవారం మీటింగులో నా పోస్టు ఎత్తేయడానికి ఒక కాగితం కావాలి, కాగితం కింద నా మాటగా నాలుగు ముక్కలు కావాలి. "ఆయన్నీ అడిగాం" అని చెప్పుకోవాలిగా, పాపం మర్యాదస్తుడు.

చెప్తా, రాసుకో. ఆ ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు తీసుకో. జార్జియాలో పుట్టినదానివి, మొహమాటమేంటి?

ముందు నా సాటి మేధావుల గురించి రాసుకో. నదికి అవతలి కాలేజీలో రౌడీ డాబ్నీ అని, నిజంగా పేరే అది, ఒకడున్నాడు, రిసీవర్ల కోచే. పిల్లల చేత ఇటుకలు పట్టిస్తాడు. ఒక కంటికి గుడ్డ కట్టి బంతులు విసురుతాడు. వేసవిలో హైస్కూలు కోచ్‌లందర్నీ హోటల్లో కూర్చోబెట్టి ఉపన్యాసం. ఏం చెప్తాడు? "వేళ్ళతో చూడండి" అంటాడు. వేళ్ళతో చూడటమేంట్రా దరిద్రుడా! అదేదో బైబిల్ వాక్యమన్నట్టు వాళ్ళు పుస్తకాల్లో రాసుకుంటారు. వాడి దగ్గర ఆడినవాడొకడు పెద్ద లీగుకి వెళ్ళాడు. అంతే, చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకుంటున్నాడు.

నేను అమ్ముకోలేదా అంటావా? అమ్ముకున్నాను. దాచేదేముంది?

కోర్ట్‌నీ మేబ్రీ. పేరు వినే ఉంటావు, వాడు పెద్ద లీగులో ఆడిన ఎనిమిదేళ్ళూ టీవీ నిండా వాడే. "నా చేతులు కోచ్ స్ట్రౌడ్ తయారుచేసినవే" అన్నాడొకసారి మైకు ముందు. ఆ ఒక్క మాటతో బార్బెక్యూ కొట్లో నా ఫోటో వేలాడదీశారు. చర్చిలో పాస్టరు నన్ను లేచి నిలబడమన్నాడు. నిలబడ్డాను! సిగ్గులేకుండా నిలబడి చెయ్యి కూడా ఊపాను.

నిజమేంటో తెలుసా? వాడు కార్డీల్ దగ్గర పుచ్చతోటల్లో పెరిగినవాడు. పదకొండో ఏట నుంచీ ప్రతి వేసవీ వరసలో నిలబడి, ఒకడు విసిరిన పుచ్చకాయ పట్టి ఇంకొకడికి విసిరి, బండికెక్కించినవాడు. ఇరవై పౌన్ల కాయ. చేతులు బిగబట్టావంటే రొమ్ము మీద పగులుతుంది, వదిలావంటే పాదం మీద. రోజుకి వెయ్యి కాయలు. అలాంటివాడు ఇక్కడికొచ్చిన మొదటిరోజు, నేను విసిరిన ప్రతి బంతినీ చెట్టు మీద నుంచి పండు కోసినట్టు అందుకున్నాడు. నేనేం నేర్పాను? "చేతులు మెత్తగా పెట్టు" అన్నాను. అప్పటికే మెత్తగా ఉన్నాయి. "శభాష్" అన్నాను. నాలుగేళ్ళు అదే నా కోచింగ్. తన కప్ప అరవబట్టే వాన పడిందన్నాట్ట వెనకటికొకడు!

నవ్వొచ్చిందా? నవ్వు, ఫర్లేదు. కానీ పెన్ను మూయకు. ఇంకొకడున్నాడు.

లెవాన్ గ్రైమ్స్. వీడి పేరు ఎవరికీ గుర్తుండదు. నీ పట్టికలో ఉంటాడు చూడు, తొమ్మిదేళ్ళ క్రితం రెండో సంవత్సరం వాడు. మొదటి ఏడు నలభై ఒకటి పట్టాడు. మేబ్రీ అంతటివాడు కాదు గానీ, చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. రెండో ఏడు... ఏమైందో తెలీదు, బంతి చేతికి తగలడం, జారడం. తగలడం, జారడం.

అప్పుడు దొరికింది నాకు పని! మేబ్రీకి నేర్పడానికేం లేదు, వీడికి అంతా నేర్పొచ్చు. ప్రాక్టీసయ్యాక బంతులు విసిరే మిషన్ పెట్టి రోజుకి రెండొందల బంతులు. నేనే దగ్గరుండి వాడి బొటనవేళ్ళు కలిపి, మిగతా వేళ్ళు విప్పి, "ఇలా... ఇలా పెట్టరా" అని సర్దేవాణ్ణి. ఎంత సర్దితే అంత వదిలాడు. అక్టోబరు ఆటలో గోల్ గీత మీద, చుట్టూ ఎవడూ లేడు, పసిపిల్లాడైనా పట్టే బంతి. వదిలేశాడు. ఆట పోయింది. క్రిస్మస్ సెలవులకి ఇంటికెళ్ళి మళ్ళీ రాలేదు.

నాకర్థమైపోయింది, నేనే వాడి చేతులు పాడుచేశానని. సహజంగా పట్టేవాడికి ఎలా పట్టాలో చెప్పి చెప్పి, పట్టడమే మరిచిపోయేలా చేశానని. తొమ్మిదేళ్ళు మోశాను దాన్ని. మా ఆవిడక్కూడా చెప్పలేదు.

ఈ ఏప్రిల్లో వాల్డోస్టా వెళ్ళాను. వాడక్కడ మంగలి షాపు పెట్టాడని తెలిసి. మధ్యాహ్నంపూట, షాపు ఖాళీగా ఉంది. నన్ను చూసి, "కోచ్! కూర్చోండి, కూర్చోండి, ఏంటా జుట్టు? పచ్చిక కోసే మిషన్‌తో కోయించుకున్నారా?" అన్నాడు. లావయ్యాడు. గడ్డం పెంచాడు. నా తల పట్టుకుని, కత్తెర ఆడిస్తుంటే... ఏం చేతులమ్మా అవి! చెవి పక్కన కత్తి పెట్టినా తెలీలేదు.

ఇంక ఉండబట్టలేక అడిగేశాను. "లెవాన్, నీ ఆట పాడుచేసింది నేనేనా?"

వాడు అద్దంలోంచి నన్ను చూసి పకపకా నవ్వాడు. "మీరా? భలేవారు కోచ్! వేలు విరిగింది" అని ఉంగరపు వేలు చూపించాడు. పై కణుపు దగ్గర పక్కకి తిరిగిపోయింది. ఆగస్టులోనే, ప్రాక్టీసు మొదలైన మొదటి వారంలోనే విరిగిందట. వాడే టేపు చుట్టుకున్నాట్ట. పైన గ్లవ్స్ వేసుకుంటే ఎవరికి కనపడుతుంది?

నాకు హాయిగా ఉండాలా వద్దా? తొమ్మిదేళ్ళ బరువు దిగిందిగా! దిగలేదు. ఒళ్ళు మండింది. మంచో చెడో ఒక్కడి మీదైనా నా చెయ్యి పడిందనుకున్నాను. అది కూడా నాది కాదట! చూశావా, నా బుద్ధి ఎంత నీచమో.

"నాకెందుకు చెప్పలేదురా?" అన్నాను.

"చెబుదామనే వచ్చాను కోచ్. ఆ పొద్దున మీరు మీటింగులో అన్నారు, 'నొప్పి గురించి మాట్లాడేవాడికి ఈ గదిలో కుర్చీ లేదు' అని. నాకు ఆ కుర్చీ కావాలిగా" అన్నాడు. కోపంగా కాదు. మెడ మీద పౌడరు రాస్తూ అన్నాడు.

ఆ మాట అన్నట్టే గుర్తు లేదు నాకు. రోజుకి అలాంటివి పాతిక అంటాం మేం. నోటికొచ్చినవి. పంతొమ్మిదేళ్ళు బొటనవేళ్ళ గురించి మొత్తుకున్నదంతా గాలికి పోయింది. ఉబుసుపోకకి అన్న ముక్క మాత్రం వాడు పట్టుకున్నాడు. దాన్ని జారనివ్వలేదు.

నీ పట్టికలో దానికి గడి ఉందా? ఉండదు. ఎక్కడ రాస్తావు?

వద్దు, ఓదార్చకు. ఇంకొకటుంది. ఇది వాడు షాపులో ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఇద్దరికీ గుర్తుందని ఇద్దరికీ తెలుసు.

ఆ అక్టోబరు ఆట మర్నాడు, మెస్సులో అందరూ తింటున్నారు. నేను వెన్న బిళ్ళ ఒకటి తీసుకుని లెవాన్ దగ్గరికెళ్ళాను. "చెయ్యి చాపు" అన్నాను. చాపాడు. ఉంగరపు వేలికి టేపు ఉంది, ఆటగాళ్ళకి మామూలేగా అనుకున్నాను. చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి అన్నానుగా. అరచేతిలో వెన్న పెట్టి, "నీ చేతికి ఇదెప్పుడూ ఉండేదేగా, అందుకేగా బంతి జారేది" అని, వాడి వేళ్ళు నేనే మూసి, నా రెండు చేతులతో పిండాను. గట్టిగా. వేళ్ళ సందుల్లోంచి వెన్న కారేదాకా.

వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సిగ్గుపడ్డాడనుకున్నాను. పాఠం ఎక్కిందనుకుని ఇంకాస్త పిండాను.

గదంతా నవ్వింది. ముందు నవ్వింది నేనే.

ఇంతే. సోమవారం దాకా ఎందుకు, పోస్టు ఎత్తేయడానికి నాకేం అభ్యంతరం లేదని రాయి. సంతకం ఎక్కడ, ఇక్కడేనా?