బాబా తుపాకి

కువైట్‌లోని సులైబియాలో ఒక లేత్ షెడ్డు. కడప మేస్త్రీ మిషను ఆపి చూస్తుండగా, అతని ఊరివైపు హౌస్ డ్రైవర్ దుప్పట్లో చుట్టిన తన కువైటీ యజమాని తుపాకిని బల్లమీద పెట్టాడు.

"మళ్లీ తెచ్చినావా? ఈ పని వద్దని పోయినసారే చెప్పినా గదరా!"

"మా బాబా వింటేగదన్నా! చిన్న తూటాకు గురి తప్పుతాందంట. గొట్టం లోపలి బోరు పెద్దది చేయించుకొని రమ్మన్యాడు."

"తప్పేది తూటా కాదు, ఆయప్ప కండ్లు. ఎనభై దాటినోనికి ఎడారిలో ఏం కనపడతాది?"

"ఆ మాట నేనంటే నా ఇఖామా ఖలాస్, మరుసటి దినమే ఊరికి పంపిచ్చేస్తాడు."

"కొడుకులు చెప్పరా?"

"వాళ్లు గుడారంలో చాయ్ తాగుతాంటారు. ఎదురుగా పోయి డబ్బాలు నిలబెట్టేది నేను. పోయిన శుక్రవారం డబ్బా మీదనుంచి చెయ్యి తీయకముందే కాల్చినాడు."

"ఓరి నీ! మళ్లా పెద్ద తూటా కావాలని నువ్వే మోసుకొస్తివా? బుద్ధుందా నీకు?"

"చేసియ్ అన్నా."

"చెప్పేది విను. బోరు పెంచితే ఈ తూటా దాంట్లో నిలవదు, జారిపోతాది. సరిపోయే పెద్ద తూటా చేసేది ఎప్పుడో మానుకున్యారు, కువైట్ అంతా తిరిగినా దొరకదు. బంగారమట్లా తుపాకి, గోడకు తగిలించుకునేదానికే పనికొస్తాది."

"ఖాయంగా దొరకదా?"

"దొరకదంటే దొరకదు! ఎన్నిసార్లు చెప్పాల నీకు?"

"అట్లయితే శుక్రవారం లోపల చేసియ్ అన్నా."