తోడబుట్టిన మూలుగ

సారమ్మ ముడిమ్యాల నుంచి బయలెల్లి, చేవెళ్లల బస్సు మారి, మొయినాబాద్‌ల చెల్లెలు సరోజమ్మ ఇంటికొచ్చింది. ఎన్నో దినాల సంది ఫోన్ చేస్తున్నా చెల్లెలు ఎత్తుతలేదు.

“నీళ్ళొద్దు, చాయ్ వద్దు. ప్రియ ఏది?”

“కాలేజీకి పోయిందక్కా.”

“ఇయ్యాల ఆదివారం సరోజా. చర్చి ఇడిసిపెట్టి వచ్చిన నేను.”

“అదే... స్పెషల్ క్లాసులున్నయట. ముందుగాల కూసో. ప్రేమ్ ఎట్లున్నడు?”

“ఎట్లుంటడు? తొమ్మిదేండ్ల పోరడు అయిదేండ్లోని లెక్క కనవడ్తడు. నెత్తురు ఎక్కిస్తే జరన్ని దినాలు ఆడుతడు, మళ్ళ సున్నం లెక్క తెల్లవడ్తడు. ఇప్పుడు ఆ ఎక్కించిన నెత్తురే గుండెల ఇనుము పెడ్తున్నదట.”

“బావ భూమి అమ్మిండా?”

“అమ్మిండు. సాఫ్ట్‌వేరోళ్ళకు ఇండ్లు కడ్తమని వెంచరోళ్ళు ఎగవడి కొన్నరు. పైసలతోని ఏం జేయాలె? బొక్కలల్ల ఉండే మూలుగ బజార్ల దొరుకుతదా!”

“జర మెల్లగ మాట్లాడక్కా.”

“ఎందుకు మెల్లగ? ఇంట్ల ఎవ్వరు లేరంటివి?”

“పక్కింటోళ్ళు... పక్కింటోళ్ళు వింటరు.”

“విననీ. డాక్టరమ్మ మొత్తం విడమర్చి చెప్పింది. ఈ నెత్తురు జబ్బుల మీదనే పరిశోధన జేస్తదామె. పాపం కాదు, శాపం కాదు. మీ బావల సగం దోషమున్నదట, నాల సగమున్నదట. రెండు కలిసి పోరని మీద వడ్డయి. ముందుగాల పోయిన ఇద్దరు పసిపోరలు గూడ గీ తలసేమియాతోనే పోయిండ్రట. ఊరోళ్ళు చేతబడి అన్నరు, మనం నమ్మినం.”

“ఎరుకే అక్కా.”

“నాది కలువలే, మీ బావది కలువలే. తోడబుట్టినోళ్ళ మూలుగ కలిస్తే పిలగాడు బతుకుతడన్నది. వానికి తోడబుట్టినోళ్ళల్ల మిగిలింది ప్రియ ఒక్కతే.”

“తోడబుట్టినా నలుగురిల ఒక్కరిదే కలుస్తదట గదా...”

“నీకెవరు చెప్పిండ్రు?”

“ఎవరో... టీవీల.”

“అబద్ధం! నీ భయం నాకెరుక. కన్నది నేనని దానికి తెలుస్తది. తెలిస్తే నిన్నిడిసి నా ఎన్క వస్తదని...”

“గట్ల కాదక్కా, నేను—”

“గట్లనే! పిల్లలు పుడ్తలేరని నువ్వేడిస్తే నా తొలిచూలు బిడ్డను నీ ఒడిల వెట్టిన. మళ్ళెప్పుడన్న అడిగిన్నా? దాని బాప్తీస్మం నాడు చుట్టపుదాని లెక్క ఎన్క కూసున్న. పాలు చేపుకొస్తుంటే కొంగు కప్పుకున్న.”

“మర్శిపోలే అక్కా. ఎట్ల మరుస్త?”

“మరి ఫోన్ ఎందుకెత్తవు? నా కొడుకు సస్తే నీకు నిమ్మళమా?”

“అక్కా! గంత మాట అనకు.”

“అంట! అనుడు తప్ప నాకింకేమున్నది? ఇగో, నీ కాళ్ళు—”

“లే! లే అక్కా, నీకు దండం వెడ్త. పెద్దదానివి...”

“పెద్దమ్మనే ఉంట. సచ్చేదాంక దానికి పెద్దమ్మనే. బైబిల్ మీద చెయ్యేసి చెప్త. ఒక్కపారి దవాఖానకు పంపు సరోజా. సూదిల వట్టెంత నెత్తురు, గంతే.”

“పోయొచ్చినం అక్కా.”

“ఏడికి?”

“అదే దవాఖానకు. ప్రియకు అన్నీ చెప్పిన. కన్నది నువ్వని గూడ చెప్పిన. నన్నొక్క మాట అనలే. ‘అయితే ప్రేమ్ నా సొంత తమ్ముడా’ అన్నది. చెప్పులేసుకొని, పద అన్నది.”

“ప్రభువా! నిన్నెన్ని మాటలంటిని సరోజా, నా నోట్ల మన్ను వడ! నా తల్లి, నా బంగారం... మరి మూలుగ ఎప్పుడు తీస్తరంట? పిలగాని బట్టలు సదరాలె. మీ బావకు ఫోన్ కలుపు, కలుపు జల్ది. మెల్లగ మాట్లాడుమంటివి, పిల్ల ఇంట్లనే ఉన్నదా? ప్రియా! ఎందుకు బయటికొస్తలేదు? నేనిచ్చేసిన్నని కోపమా?”

“కోపం కాదక్కా. నీ మొఖం ఎట్ల చూడాలెనని తలుపేసుకొని ఏడుస్తున్నది... దానిది గూడ కలువలేదు.”