నాలుగో చీటీ

కూతురికి చదవడం ఆటగా నేర్పాలని అమ్మ రోజూ ఇంట్లో మూడు చీటీలు దాచేది. ఒకటి చదివితే తర్వాతిది ఎక్కడుందో తెలుస్తుంది. ఆ రోజు ఆట ముగిశాక చూస్తే, ఐదేళ్ల పిల్ల బూట్లు వేసుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది.

"ఎక్కడికే ప్రయాణం?"

"పెద్దమ్మ ఇంటికి. నాలుగో చీటీలో ఉందిగా!"

"నేను దాచింది మూడే కదే!"

"నీ హ్యాండ్‌బ్యాగులో దొరికింది. 'అక్కా, ఉద్యోగం మానలేను. పాపను నీ దగ్గర ఉంచుకో.' 'ఉద్యోగం' అనే మాట దగ్గర మాత్రం కాస్త తడబడ్డా."

అమ్మ వచ్చి పిల్ల ముందు కూర్చుంది.

"అంతా... నువ్వే చదివావా?"

"నేనే! పెద్దమ్మ ఇంట్లో ఏం దాచావు? బహుమతా?"

"అది తప్పు చీటీ తల్లీ. ఇటివ్వు, చింపేస్తా."

"చింపకూడదు! తప్పు రాస్తే కొట్టేసి, కింద సరిగ్గా రాయాలని నువ్వేగా చెప్పావు? ఇదిగో పెన్సిల్."

అమ్మ ఉన్నదంతా కొట్టేసి, కింద ఒక్క వాక్యం రాసింది. కూతురు వేలు పెట్టి కూడబలుక్కుంది.

"పాప... నా... దగ్గరే... ఉంటుంది. అయితే బహుమతి ఇంట్లోనే ఉందన్నమాట!"

"ఇంట్లోనే ఉంది," అంది అమ్మ, ఆ చిన్న బూట్లు విప్పుతూ, తలెత్తకుండానే.