గేటుకి అవతల మరిది

అయితే వదినతో కూడా మాట్లాడకూడదన్నమాట. బాగుందయ్యా. డ్యూటీలో ఉండగా కొండవాళ్ళతో మాటలొద్దన్నారు, సరే. నేను కొండదాన్నా, నీ వదిననా? మీ అన్నయ్య నన్ను పెళ్ళాడి తెచ్చేటప్పటికి నీకు ముక్కు తుడుచుకోవడం కూడా రాదు. ఆ ముక్కు ఎవరు తుడిచారో మీ సూపర్‌వైజరుకి చెప్పావా?

ఉలకవు, పలకవు. బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డావు. పోనీలే, నువ్వు మాట్లాడకు, నేను మాట్లాడతాను. వినకూడదని రూలు లేదు కదా? తల కూడా ఊపకూడదా? సరే, ఊపకు.

ఆ టోపీ ఏంటి మరిదీ, చెవుల మీదకి దిగిపోయింది? ప్యాంటులో నీతో పాటు ఇంకో మనిషి పడతాడు. కంపెనీవాళ్ళు కొండంత కొలతలు కొలిచారు గానీ నీ నడుం కొలవడం మర్చిపోయారు. చొక్కా మాత్రం బాగానే ఉంది, నిన్న ఉతికింది నేనేగా. కాస్త వాసనొస్తోందంటే నా తప్పు కాదు. ట్యాంకరు నీళ్ళు అవి. ఇదివరకు వాగులో జాడిస్తే మసిగుడ్డ కూడా తెల్లగా వచ్చేది.

నవ్వావు. లేదులే, నవ్వలేదు. పెదవి కదిలింది, అంతే.

ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇంటి కాపలావాణ్ణి మాత్రం వదిన పట్టగలదు. నీ మొహం చూస్తే తెలుస్తుంది, పొద్దున్న ఏమీ తినలేదు. ఎందుకు తినలేదో కూడా తెలుసు. మీ అమ్మ వడ్డించేటప్పుడు నీ వంక చూడలేదు. అవునా? ఆవిడ ఎవరి వంకా చూడట్లేదయ్యా, నీ ఒక్కడి వంకే కాదు. ఆ రోజు సభలో చెప్పిన మాట ఆవిణ్ణి ఇంకా తినేస్తోంది.

నువ్వప్పుడు పట్నంలో పనికి పోయావు, నీకు చెప్పేవాళ్ళేరి? వాగు కంపెనీకి ఇవ్వాలా వద్దా అని సర్కారువాళ్ళు చెట్టు కింద కుర్చీలు వేశారు. ఆఫీసరు చాలా మర్యాదస్థుడు, మీ అమ్మని పెద్దమ్మా అని కూడా పిలిచాడు. పిలిచి, ఈ వాగు ఎవరిదీ అని అడిగాడు. మీ అమ్మకి చచ్చేంత సిగ్గేసింది. నీళ్ళని పట్టుకుని నాది అనేవాడికి మనలో పిల్లనిస్తారా? ఎదుట మంచి మనిషి కూర్చుని అడుగుతుంటే మాది అని ఎలా అంటుంది? ఎవరిదీ కాదు నాయనా, దాహం వేసినవాళ్ళది అంది.

ఆయన మొదటి సగం రాసుకున్నాడు. రెండో సగానికి పెన్ను మూత పెట్టేశాడు.

ఇంకెవరైనా అయితే మాది, మా తాతలది, మా ముత్తాతలది అని గుండెలు బాదుకునేవాళ్ళు. మనవాళ్ళకే ఈ మర్యాద. ఎవరిదీ కాదన్న నెలలోపే కంచె పడింది. కంచె చేను మేయడం విన్నాం గానీ, వాగు తాగేసే కంచెని ఇక్కడే చూశాం. సగం ఇసుక లారీలెక్కి పోయింది. ఆ లారీలకి గేటు తీసేది మా బంగారు మరిది.

అరె, దెప్పట్లేదయ్యా. మీ అన్నయ్య కాలు విరిగి మంచంలో ఉన్నాడు, ఇంట్లో పొయ్యి వెలుగుతోందంటే నీ జీతం వల్లే. నాకు తెలీదూ? తిన్న తిండి మర్చిపోయేదాన్ని కాదు. సరదాగా అంటున్నాను. వదిన అనకపోతే ఇంకెవరంటారు?

రేపు పొద్దున్న మనం వేసిన కేసులో కోర్టు పంపిన పెద్దమనిషి వస్తున్నాడట. నీకూ చెప్పే ఉంటారు, బూట్లు తుడుచుకు రమ్మని. ఈ వాగు నీళ్ళు ఎవరైనా వాడుతున్నారో లేదో ఆయన కళ్ళతో చూస్తాడట. ఎవరూ వాడట్లేదని కంపెనీ మాట. మనిషి చేతులు కట్టేసి, వీడికి ఆకలి లేదండీ, అన్నం ముట్టట్లేదు అన్నట్టుంది. ఆయన చూసి సరే అన్నాడంటే మిగిలిన వాగూ పోతుంది. వాగు పోయాక ఆ కొండ మీద మనకేం పని, దిగిపొమ్మంటారు. మీ నాన్నని పాతిపెట్టిన చోటు కూడా వదిలేసి.

పోనీ ఇసుకలో తోడుకున్న చెలమలున్నాయా చూపించడానికి అంటే, మొన్న మిషను పెట్టి అన్నీ పూడ్చేశారు. ఇసుకంతా చాప పరిచినట్టు చదును చేశారు. నువ్వు చూస్తూనే ఉన్నావుట కదా. మన ఇంటి చెలమ పూడ్చినప్పుడు కూడా ఇటే తిరిగి నిలబడ్డావా? దాని అంచున పలకరాళ్ళు పేర్చింది నువ్వే. చెలమకి అరుగు కట్టాడమ్మా నా కొడుకు అని మీ అమ్మ చూసినవాళ్ళకల్లా చెప్పుకుంది.

నీళ్ళు నమలకు. నమలడానికి అవి కూడా లేవిప్పుడు.

నీకు తెలియని పని కాదు. ఇసుకలో మోచేయి దిగేదాకా తోడాలి. మొదట ఊరేది బురద, అది ఎత్తి పోసెయ్యాలి. మళ్ళీ ఊరేది కూడా ఎత్తి పోసెయ్యాలి. సాయంత్రం తోడి వదిలేస్తే పొద్దుటికి తేటపడుతుంది. రేపు ఆ పెద్దమనిషి వచ్చేసరికి చెలమల్లో తేటనీళ్ళుంటే, ఒక్క మాట చెప్పక్కర్లేదు. ఒక గిన్నెడు ముంచి ఇస్తే చాలు. తాగి ఆయనే చెప్తాడు ఎవరైనా వాడుతున్నారో లేదో.

అందుకే, ఆ తాళంచెవి నడుముకి అంత బరువుగా వేలాడుతోంది కదా, కాస్త నాకిచ్చి...

వస్తున్నాడు, మీ సూపర్‌వైజరు. ఏం లేదు సారూ, మా మరిదికి సంబంధం చూశాం. అవునండీ, ఆ కొండకి అవతల పిల్ల. చాకులాంటిది. మా వాడికి సిగ్గు, మీరే చూస్తున్నారుగా, నోరు విప్పడు. అలాగే సారూ, రెండు నిమిషాల్లో వెళ్ళిపోతాను.

వెళ్ళాడు. చెవులు ఎర్రబడ్డాయేంటి నీకు? పిల్ల ఉందయ్యా, అబద్ధం కాదు. నిన్ను చూసింది కూడా. ఆ టోపీ తీసేస్తాడా అని అడిగింది.

సరే. పొద్దు వాలుతోంది, ఇంక వేళాకోళం చాలు. దగ్గరికి రా. రాకూడదా, అయితే అక్కడే ఉండి విను. గొంతు తగ్గించి చెప్తాను.

నేను తాళంచెవి కోసం రాలేదు.

కంచె కింద అడవిపందులు తవ్వుకున్న సందు ఉంది చూశావా, పైన వాగు వంపు దగ్గర? పందులకి ఏ ఆర్డర్లూ లేవు కదా. మన ఆడవాళ్ళు మధ్యాహ్నమే అందులోంచి దూరారు. నువ్వు ఇటు తిరిగి నా సోది వింటున్నంతసేపూ నీ వెనక, ఆ పొదలకి అవతల, చెలమలు తోడుతున్నారు. నిన్ను మాటల్లో పెట్టడానికే నన్ను పంపించారు. సెలవురోజు, మిషన్లు లేవు, గిన్నె రాయికి తగిలినా వినిపిస్తుంది. అందుకని వాగుడుకాయని పంపించారు.

అందరికంటే ముందు దూరింది మీ అమ్మ. ఆ మోకాళ్ళతో. వద్దత్తయ్యా, మరిదిని అడుగుదాం, గేటు తీస్తాడు, రాజాలా నడిచి వెళ్దాం అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. ఏమందో తెలుసా? వాణ్ణి అడగొద్దు, తీస్తే వాడి పని పోతుంది, తియ్యకపోతే నా కొడుకు పోతాడు, రెండూ నాకొద్దు అంది. తీస్తాడో తియ్యడో నాకు తెలియకుండానే ఉండనీ అంది.

అదీ సంగతి. ఇంతసేపూ నవ్వుతూ మాట్లాడాను గానీ లోపల నాకేం బాగాలేదు. ఇంట్లోవాడికి కాపలా కాయడానికి వచ్చానంటే...

ఆగు. విన్నావా?

దగ్గు. అది మీ అమ్మ దగ్గే. ఎన్నిసార్లు చెప్పాను, చెంగు నోట్లో కుక్కుకో అత్తయ్యా అని. మళ్ళీ. అయ్యో, మీ సూపర్‌వైజరు గదిలోంచి బయటికొచ్చాడు. అటే చూస్తున్నాడు, పొదల వైపు. అయిపోయింది మరిదీ. ముసలిదాన్ని జుట్టు పట్టి ఈడుస్తారు...

నువ్వెందుకు దగ్గుతున్నావు?

అంత గట్టిగా, గుండె పట్టుకుని. ఏం లేదు సారూ, మావాడికి దుమ్ము పడదు. రోజూ లారీల దుమ్ము మింగుతాడు కదండీ, సాయంత్రమయ్యేసరికి ఇదే దగ్గు. ఇంట్లో కషాయం పెడతాను సారూ. వెళ్తున్నాను, వెళ్తున్నాను.

లోపలికి పోయాడు. ఇంక ఆపు, చాలు. ఇంకాస్త దగ్గితే నిజంగానే పట్టుకుంటుంది.

నీ కళ్ళల్లో నీళ్ళేంటి? దగ్గినందుకేలే. నేను అడగను.

నువ్వు నేను రాకముందు నుంచే వాళ్ళ అలికిడి వింటున్నావు, కదూ? ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. నేనేమో నిన్ను మాటల్లో పెట్టాననుకుని మురిసిపోతున్నాను.

వస్తాను మరి. రాత్రికి మీ అమ్మ అడుగుతుంది. అడగదు, అడగకుండా నా మొహం చూస్తుంది. గేటు తియ్యలేదత్తయ్యా, నీ దగ్గుని తన మీద వేసుకున్నాడు అని చెప్తాను. ఆవిడకి అది చాలు. ఏడాదిపాటు అందరికీ చెప్పుకుంటుంది.

నాకు చాలదనుకో. నాకు గేటు తీస్తేనే బాగుండేది. నేను వదినని, అమ్మని కాదుగా.